యూటర్న్ దగ్గర నా కుడికాలు

మా ఆఫీసు ఉన్న వైపు కుడికి తిరగాలంటే ముందు ఎడమకు తిరగాలి. కూడళ్ళలో సిగ్నళ్ళు చాలావరకు మూసేసి, సిమెంటు దిమ్మెలు అడ్డం పెట్టి, కాస్త ముందుకెళ్ళి యూటర్న్ తీసుకోమంటారు. కొత్తవాళ్ళు తిట్టుకుంటారు. పాతవాళ్ళు తిట్టుకునే ఓపిక కూడా లేక తిరిగేస్తారు. నేను మాత్రం మూడు నెలల పాటు ఆ యూటర్న్‌లనే పనిగట్టుకుని, రోజుకు ఇరవైసార్లు తిరిగాను. అదే నా ఉద్యోగం మరి.

తనంతట తానే గేర్లు మార్చుకునే కార్లున్నాయి కదా, ఆటోమేటిక్ అంటారు. ఎప్పుడు ఏ గేరు వెయ్యాలో ఆ గేరుబాక్సుకు నేర్పేవాళ్ళలో నేనొకదాన్ని. ఇనుము ఎక్కడో తయారవుతుంది. దాని బుద్ధి మాత్రం మా నాలుగో అంతస్తులో తయారవుతుంది. కంప్యూటరు తెర మీద గీతలుంటాయి. బండి ఇంత వేగంలో ఉండి, డ్రైవరు ఇంత తొక్కితే, ఇదిగో ఈ గేరు. ఆ గీతను వెంట్రుకవాసి పక్కకు జరపడానికి ఒక్కోసారి వారం రోజులు కొట్లాడుకుంటాం. ఇంతా చేసి నేను కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకు వచ్చేది స్కూటీ మీద. "గేర్లే లేని బండి తోలేదానికి గేర్ల ఉద్యోగం ఎవరిచ్చారే నీకు?" అని మా అమ్మ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

ఆ ఏడాది మా చేతికొచ్చింది చిన్న ఇంజను. మూడే సిలిండర్లు, వాటికొక టర్బో. టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు, పొగ బయటికి పోయే జోరుకు తిరిగే చిన్న ఫ్యాను. అది తిరిగితేనే ఇంజనుకు గాలి, గాలి ఉంటేనే బలం. తిరిగినంతసేపూ పిట్ట కొంచెం కూత ఘనం. తిరగడం తగ్గిందంటే మాత్రం ఇంజనుకు ఊపిరాడదు. పాత పెద్ద ఇంజన్లు ఏ గేరులో ఉన్నా ఎలాగోలా బండిని ఈడ్చుకుపోయేవి. దీనితో ఆ మొండితనం కుదరదు. ఇంకోపక్క పెట్రోలు తక్కువ తాగాలంటే గేరు తొందరగా పైకి వెయ్యాలి, ఇంజను నిదానంగా తిరగాలి. నిదానంగా తిరిగితే టర్బో పడుకుంటుంది. ఈ రెంటికీ మధ్య గీత గియ్యడమే నా పని.

మైదానంలాంటి టెస్ట్ ట్రాకు మీద ఆ గీత బాగానే ఉండేది. మన యూటర్న్ దగ్గర దొరికిపోయింది. తిరగబోయే ముందు డ్రైవరు యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తాడు. కాలు తియ్యగానే, ఈయనకు తొందరేమీ లేదు కాబోలు అనుకుని గేరుబాక్సు పై గేరులోకి వెళ్ళిపోతుంది. ఎదురుగా వచ్చే బళ్ళ మధ్య సందు చూసుకుని ఆయన మళ్ళీ తొక్కుతాడు. అప్పుడు గేరు కిందికి దిగాలి, టర్బో నిద్రలేవాలి, ఆ తర్వాత బండి కదలాలి. ఈలోపల సెకను, ఒకటిన్నర సెకను. కుర్చీలో కూర్చుంటే అదొక లెక్కే కాదు. రోడ్డుకు అడ్డంగా నిలబడినప్పుడు మాత్రం చాలా ఎక్కువ.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. గీత మార్చిన ప్రతిసారీ ఇంజనీరు స్వయంగా బండి నడిపి, పదికి ఇన్ని అని మార్కు వెయ్యాలి. ఆ మార్కు ఏ యంత్రమూ వెయ్యలేదు. నడుము, కడుపు, కుడికాలు కలిసి చెప్పాలి. ఐదు అంటే కొన్నవాడు షోరూముకు వచ్చి గొడవ పెట్టుకుంటాడని అర్థం. ఏడు దాటితే పంపించొచ్చు. మేము లాప్‌టాప్‌లో గీతలు చూసుకునేటప్పుడు బండి తోలే ఏజెన్సీ డ్రైవరుకు ఆ కాగితంలో గడి ఉండదు, ఆయన్ని అడగరు. యూటర్న్‌కు నేను మొదటి వారం ఐదు వేశాను. గీతలు దిద్దుకుంటూ పోయాను. ఐదున్నర అయింది, ఆరయింది, మూడో నెలకు ఏడున్నరకు చేరింది.

"నీ కాలు బంగారం అమ్మా" అన్నారు మా మేనేజరు, అందరి ముందూ. ఆయనది భీమవరం వైపు, పొగిడినా తిట్టినా పదిమందిలోనే. నాకు ఆ రోజంతా నేల మీద నడిచినట్టు లేదు. అప్పటినుంచి నా మార్కు మీద ఎవరూ నోరెత్తేవారు కాదు. ఎత్తినా నేను ఊరుకునేదాన్ని కాదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

శుక్రవారం సాఫ్ట్‌వేరు మూసేస్తారనగా, ఆ సోమవారం నుంచే నాకు గుబులు పట్టుకుంది. మూసేశాక అది ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది, కింద నా సంతకం ఉంటుంది, ఇక ముట్టుకోవడానికి ఉండదు. ఏదో మర్చిపోయానన్న గుబులు. ఏమిటో తెలియదు. గ్యాసు కట్టేశానో లేదో గుర్తురాని మనిషిలా ప్రతి గీతనూ పదేసిసార్లు తెరిచి చూసుకునేదాన్ని. నాకొక జబ్బుంది, భయం వేస్తే అది కోపమై బయటికొస్తుంది. ఆ వారం మా ఇంట్లో పాలపొంగు దగ్గర్నుంచి లిఫ్టు తలుపు దాకా అన్నీ నా చేత తిట్లు తిన్నవే.

మా పాత డ్రైవరు సెలవు పెడితే ఏజెన్సీ వాళ్ళు కొత్తాయన్ని పంపారు. యాభై దాటిన మనిషి, తెల్లాపూర్ పాత ఊరివాడు. ఇరవై ఏళ్ళు క్యాబు నడిపాడు, అన్నీ గేరు రాడ్డున్న డీజిలు బళ్ళే. డీజిలు మిగులుతుందని ఎక్కడ వీలుంటే అక్కడ కాలు పూర్తిగా తీసేసి బండిని దాని మానాన దొర్లనివ్వడం ఆయన అలవాటు. మంగళవారం పొద్దున పదకొండింటికి కొండాపూర్ దారిలో ఆయన నడుపుతుంటే, నేను పక్కన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

యూటర్న్ దగ్గర కాలు తీశాడు. బండి దొర్లుతూ వెళ్ళి మలుపులో ముక్కు పెట్టింది. ఎదురుగా నీళ్ళ ట్యాంకరు వస్తోంది, దూరంలోనే ఉంది, సందు చాలినంత ఉంది. ఆయన తొక్కాడు. బండి కదల్లేదు. రోడ్డుకు అడ్డంగా, నా వైపు తలుపునే ట్యాంకరుకు చూపిస్తూ, అలాగే ఉంది. హారన్ విన్నాను. ట్యాంకరు బ్రేకు వేసింది, పైమూత లోంచి నీళ్ళు ఎగిరి మా అద్దం మీద బిందె కుమ్మరించినట్టు పడ్డాయి. అప్పుడు కదిలింది మా బండి, ఏమీ ఎరగనట్టు, ఎంతో మెత్తగా. ఎవరికీ చిన్న గీటు కూడా పడలేదు.

పక్కకు తీసి ఆపాక ఆయన స్టీరింగు వదల్లేదు. "తొక్కిన మేడం. మీ మీద ఒట్టు, పూరా తొక్కిన. బండి గుంజలే. సచ్చిపోయిందనుకున్న."

"బండికేం కాలేదు!" అని అరిచాను. లాప్‌టాప్ మూత ఎంత నొక్కినా పడటం లేదు. "మీకు ఆటోమేటిక్ నడపడం రాదు, అంతే."

ఆడలేక మద్దెల ఓడన్నాడట అనుకున్నాను లోపల. మూడు నెలలుగా అదే మలుపులో అదే బండిని నేను నడుపుతున్నాను. ఒక్కసారైనా నాకిలా కాలేదే.

ఇలాంటిది జరిగితే ఆఫీసుకు రాగానే ఫారం నింపాలి. కారణం అని రాసి మూడు గడులుంటాయి. వాహనం, రోడ్డు, డ్రైవర్. నేను క్షణం కూడా ఆలోచించలేదు. మూడో గడిలో టిక్కు పెట్టి పంపేశాను. పంపాక కాస్త తేలిగ్గా అనిపించింది కూడా. ఆ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

బుధవారం మధ్యాహ్నం గేటు నుంచి సెక్యూరిటీ ఫోను చేశాడు. ఎవరో డ్రైవరు తన టిఫిను క్యారేజీ టెస్ట్ కారులో మర్చిపోయాడట, లోపలికి రానివ్వడం లేదట, కార్డు పనిచెయ్యడం లేదట. నేనే క్యారేజీ తీసుకుని కిందికి వెళ్ళాను. ఎండలో గేటు బయట నిలబడి ఉన్నాడు. మనిషి ఒక్కరోజులో చిన్నబోయినట్టున్నాడు. ఏజెన్సీ వాళ్ళు ఇక రావద్దన్నారని చెప్పాడు. ఆ ఫారం ఇంత త్వరగా అంత దూరం పోతుందని నేను అనుకోలేదు. అనుకునే ప్రయత్నం చెయ్యలేదు అనడం నిజం.

క్యారేజీ అందుకుని ఆయన వెళ్ళిపోలేదు. "మేడం, ఒక్క మాట. నేను ఏం తప్పు జేసిన్నో జర చెప్పుండ్రి. ఇంకోసారి చెయ్య. రేపు ఇంకోకాడ ఆటోమేటిక్ బండి ఇస్తే నడపాలె గదా."

తిడితే బాగుండేది. నేను గొంతు సవరించుకుని పాఠం చెప్పాను. "ఏం లేదన్నా. యూటర్న్ దగ్గర కాలు పూర్తిగా తియ్యకూడదు. బ్రేకు వదలగానే మళ్ళీ యాక్సిలరేటరు మీద పెట్టి, కొద్దిగా తొక్కిపట్టి ఉంచాలి. అప్పుడు గేరు పైకి పోదు. సందు దొరకగానే బండి లేస్తుంది."

"అచ్ఛా. జర తొక్కిపట్టి ఉంచాలె" అని ఆయన బుద్ధిగా తలూపి, కుడికాలి చెప్పుతో నేల మీద నొక్కి చూసుకున్నాడు కూడా. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నేను లిఫ్టు దాకా వచ్చి ఆగిపోయాను. తొక్కిపట్టి ఉంచాలని నాకెవరు చెప్పారు? ఏ పుస్తకంలోనూ లేదు. కొన్నవాడికిచ్చే కాగితాల్లో అసలే లేదు. కాలు తీస్తే బండి తనను తాను చూసుకుంటుందని కదా ఆటోమేటిక్ అమ్మేది. మరి నాకెప్పుడు తెలిసింది ఇది?

సీట్లో కూర్చుని పాత రికార్డులు తెరిచాను. ప్రతి రౌండులో కాలు ఎంత తొక్కిందో ఒక ఆకుపచ్చ గీత చూపిస్తుంది. ఆయనది యూటర్న్ దగ్గర అడుగుకు పడి, నేల మీద పాకి, ఒక్కసారిగా పైకి లేచింది. పోయిన వారం నాది తెరిచాను. కిందికి దిగింది కానీ అడుగు తాకలేదు. సందు కోసం చూస్తున్నంతసేపూ కాస్త పైనే వేలాడుతోంది. అంతకు ముందు వారం, అదే. రెండో నెలలో కొన్నిసార్లు తాకింది, కొన్నిసార్లు లేదు. మొదటి వారం రోజూ ఇరవైకి ఇరవైసార్లూ అడుగుకు పడింది, అచ్చం ఆయనలాగే. అప్పుడు నేను వేసిన మార్కు ఐదు. ఇన్నాళ్ళూ నేను దిద్దానని మురిసిపోయిన గేరు గీతలను కూడా పక్కపక్కన పెట్టి చూశాను. మిగతా చోట్ల బాగుపడ్డాయి. కాలు పూర్తిగా తీసే ఆ మూల మాత్రం బండి మొదటిరోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. దాని లోపాన్ని తప్పించుకు తిరగడం నా కాలు నేర్చుకుంది, నాకు చెప్పకుండా. నేను దానికే ఏడున్నర వేసుకున్నాను.

ఈ సంగతి ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. తెర మూసేస్తే అయిపోయింది. కొన్నవాళ్ళ కాళ్ళు మాత్రం నేర్చుకోవా, నాలా కొన్నాళ్ళలో అలవాటు పడరా అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అందరికీ మొదటిరోజు ఉంటుంది కదా. అందరి మొదటిరోజు ట్యాంకరు వాడికి బ్రేకు దొరుకుతుందా? సాయంత్రం స్కూటీ మీద ఇంటికి వస్తుంటే యూటర్న్ దగ్గర నిలబడిన ప్రతి కారు డ్రైవరు కాలు వైపూ చూడబోయాను. తలుపులుంటాయి, కనిపించవు. అమ్మ అన్నం పెట్టి, "ఏమైందే, మొహం అలా పీక్కుపోయింది?" అంది. కసిరాను. కసిరాక ఏడుపొచ్చింది.

గురువారం పొద్దున మేనేజరు గదిలోకి వెళ్ళి లాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. నిన్న చూసిందంతా చెప్పాను. ఆయన ఆకుపచ్చ గీతలను చాలాసేపు చూశారు.

"ఇప్పుడా అమ్మా చెప్పేది? రేపు మూసేస్తుంటే?"

"నిన్ననే తెలిసిందండి."

"డ్రైవింగ్ స్టైల్ అని రాసేద్దాం. తర్వాతి వెర్షన్‌లో చూసుకోవచ్చు. కస్టమర్లు రెండు వారాల్లో అలవాటు పడిపోతారు."

"అలవాటు పడ్డాకే నేను ఏడున్నర వేశానండి. పడకముందు ఐదే."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే మూడు నెలల నీ మార్కులు తప్పని నువ్వే రాసిస్తావా? నీ పేరు మీద?"

"రాస్తానండి. ఆ ఫారం కూడా మార్చాలి. కారణం డ్రైవర్ కాదు, వాహనం. ఆయన్ని వెనక్కి పిలవాలి."

"ఆయన్నెందుకమ్మా మళ్ళీ?"

"మన కాళ్ళన్నీ చెడిపోయాయండి. కాలు పూర్తిగా తీసేది ఆయనొక్కడే."

ఆయన నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. శుక్రవారం మూసెయ్యాల్సింది కాస్తా రెండు వారాలు వాయిదా పడింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మెయిళ్ళలో నా పేరు అన్నింటిలోనూ ఉంది. క్యాంటీనులో ఒకరిద్దరు "మీ కాలు ఈరోజు ఏమంటోంది?" అని అడిగారు. నవ్వేసి వచ్చి బాత్‌రూములో మొహం కడుక్కున్నాను. ఆ రెండు వారాలూ ఒక్కటే పని. స్టీరింగు బాగా తిరిగి, వేగం తగ్గి, కాలు తీసినా సరే, గేరు పైకి పోకుండా పట్టి ఉంచాలి. మైలేజీ చూసేవాళ్ళు ఒప్పుకోలేదు, దానివల్ల అదనంగా కాలే ఆ కొంచెం పెట్రోలు కూడా వాళ్ళకు ఎక్కువే. ఈసారి కోపం తెచ్చుకోకుండా కొట్లాడాను. గెలవడానికి అదే పనికొచ్చింది.

ఏజెన్సీకి మూడుసార్లు ఫోను చేస్తే పదో రోజున ఆయన వచ్చాడు. ఈలోగా ఏదో గేటెడ్ కాలనీలో ఎవరిదో ఆటోమేటిక్ కారు తోలుతున్నాడట. అదే క్యారేజీ, అదే దండం. కొత్త గీతలు ఎక్కించిన బండి తాళం ఇచ్చాను. అదే కొండాపూర్ దారి, అదే మలుపు, పదకొండు గంటలు. ఆయన తిప్పాడు. బండి సాఫీగా లేచి అవతలి వరుసలో కలిసిపోయింది. పెన్ను తీసి ఎనిమిది వెయ్యబోతూ తెర వైపు చూశాను.

ఆకుపచ్చ గీత అడుగు తాకలేదు.

"అన్నా, కాలు మొత్తం తియ్యలేదా?"

"లే మేడం" అన్నాడు, బడిలో సరైన జవాబు చెప్పిన ఆనందం ఆ మొహంలో. "మీరే చెప్పిండ్రు గదా, జర తొక్కిపట్టి ఉంచాలెనని. అప్పటిసంది గట్లనే నడుపుతున్న. ఒక్కసారి గూడ మర్వలే."

నా కాలు నెలల్లో నేర్చుకున్నది ఆయనకు నేను గేటు దగ్గర రెండు మాటల్లో నేర్పేశాను.

"బండి పక్కకు ఆపండన్నా" అన్నాను. ఆపాడు. ఆయన మొహం మారిపోయింది, మళ్ళీ ఏదో తప్పు చేశాననుకున్నాడు. "ఆరోజు తప్పు మీది కాదు. బండిది. బండికి నేర్పింది నేను కాబట్టి నాది. ఫారంలో డ్రైవర్ అని రాసింది కూడా నేనే. అది మార్చేశాను."

ఆయన ఇంజను కట్టేసి రోడ్డు వైపు చూశాడు. "గా ముచ్చట నాకెవ్వరు చెప్పలే మేడం" అన్నాడు. "రమ్మన్నరు, వచ్చిన. తప్పు నాదే అనుకుంట గిన్ని దినాలు నడిపిన. ఇంట్ల గూడ గదే చెప్పిన."

క్షమించమని అడిగాను. అయ్యో ఎందుకు మేడం అన్నాడు, అనాల్సిన మాట కాబట్టి అన్నాడు.

"ఇప్పుడు ఒక పని చెయ్యాలన్నా. మీ పాత అలవాటు ప్రకారం, మలుపులో కాలు పూర్తిగా తీసెయ్యండి. సందు దొరికాక తొక్కండి."

"భయమైతది మేడం."

"నాకూ భయమేనన్నా."

మొదటిసారి ఆయన కాలు లేవలేదు. రెండోసారి సగం లేచింది. మూడోసారి ఎదురుగా బస్సు దూరంగా వస్తుండగా, పెదాలు బిగపట్టి మొత్తం తీసేశాడు. ఆకుపచ్చ గీత అడుగుకు పడి, అక్కడే పాకింది. నా కుడికాలు కింద పరిచిన రబ్బరు చాపను ఒత్తి పట్టుకుని ఉంది. ఆయన తొక్కాడు. బండి కదిలింది. కాలు కిందే కాచుకుని ఉన్నట్టు కదిలింది. బస్సు మా వెనక ఎక్కడో తన దారిన తాను పోయింది.

కాగితం తీశాను. ఇంజనీరు అని ఉన్న గడి కింద ఖాళీలో పెన్నుతో ఇంకో గడి గీసి, డ్రైవర్ అని రాశాను.

"పదికి ఎన్ని వెయ్యమంటారన్నా?" అని అడిగాను.

ఆయన చెమట తుడుచుకుని నా వైపు తిరిగాడు. "బండికా మేడం, నాకా?"